జంపక్క వేసిన రిటర్ను

మూడోసారి కూడా ఓటీపీ రాలేదు.

వెంకటనారాయణ చేతిలోని పాత బటన్ ఫోన్‌ని తిప్పి చూశాడు. సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి. జేబురుమాలుతో దాని తెర తుడిచి మళ్లీ కంప్యూటర్ పక్కన పెట్టాడు. రిబ్కా కొంచెం ముందుకు వంగి, ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో చుక్కల చివర కనిపిస్తున్న రెండంకెలు చదివింది. నలభై ఒకటి. ఆ బటన్ ఫోన్ నంబరు చివర డెబ్భై ఆరు.

“ఈ ఫోన్‌కు రాదు సార్. ఆధార్‌ల నంబరు మారింది,” అంది.

“ఎవరు మార్చారమ్మా?”

“ఆధార్ ఎవరిదో వాళ్లే మార్చుకోవాలె.”

వెనక బల్ల మీద అయిదుగురు కూర్చుని ఉన్నారు. గుమ్మంలో ఇంకో ఇద్దరు నిలబడ్డారు. మణుగూరు బస్టాండు వెనక సందులో రిబ్కా రిటర్నులు వేసే ఆ ఒక్క షట్టరు గదికి సెప్టెంబరు రెండో వారమంతా ఇదే వరస. టిప్పరు ఓనర్లు, కుట్టుమిషన్లవాళ్లు, కోళ్ల దుకాణంవాళ్లు, క్యాంటీన్ కాంట్రాక్టరు, అందరూ జులైలో రావలసినవాళ్లే. గడువు జులై ముప్పయ్యొకటి నుంచి సెప్టెంబరు పదిహేనుకు జరిగిందని తెలిశాక మళ్లీ ఎవరూ ఇటు తొంగిచూడలేదు. ఇప్పుడు శుక్రవారం. సోమవారం పదిహేను. వచ్చిన ప్రతి మనిషీ ముందు ఒకటే అడుగుతున్నాడు, ఇంకా పొడిగిస్తారట కదా అని. తనకు తెలియదని రిబ్కా పొద్దుటి నుంచి ఇరవైసార్లు చెప్పింది.

పోర్టల్‌లో ఖాతా జంపక్క అనే గిరిజనురాలిది. ఇప్పగుంపులో వెంకటనారాయణ నడిపే ఎరువుల దుకాణం కాగితాల మీద ఆమె పేరునే ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుల పేరిట జాగా రాయకూడదు కాబట్టి అట్లా రాసుకున్న దుకాణాలు ఆ అడవి దారి పొడవునా ఉన్నాయి. జాగా, లైసెన్సు, బ్యాంకు ఖాతా, పాన్ కార్డు అన్నీ ఆమెవే. ఆధార్‌కు కలిపిన సిమ్ము మాత్రం ఎనిమిదేళ్లుగా వెంకటనారాయణ గల్లాపెట్టెలోని ఈ బటన్ ఫోన్‌లో ఉండేది. ఎనిమిదేళ్లుగా ఆ రిటర్ను రిబ్కాయే వేస్తోంది. జంపక్క ఎట్లా ఉంటుందో ఆమె ఒక్కసారీ చూడలేదు.

పోయిన వారం దుకాణంలో ఎవరో తప్పు పాస్‌వర్డ్ కొట్టీ కొట్టీ ఖాతాకు తాళం పడేలా చేశారు. అది తెరవాలంటే ఆ ఓటీపీ ఆరంకెలు తప్పవు.

వెంకటనారాయణ గొంతు తగ్గించి చెప్పాడు. గడువు దాటితే పడే జరిమానాకు ఆయన భయపడటం లేదు. మంగళవారం బ్యాంకులో అప్పు లిమిటు రెన్యూవలు. గడువులోపల వేసిన రిటర్ను చూపిస్తేనే అని మేనేజరు ఖాయంగా చెప్పాడు. లిమిటు ఆగితే కంపెనీ లోడు ఆగుతుంది. యూరియా కోసం రైతులు చెప్పులు వరసలో పెట్టి నిలబడుతున్న రోజుల్లో దుకాణం ఖాళీగా కనబడితే మళ్లీ ఎవడూ ఆ గడప ఎక్కడు.

“ఎల్లుండిలోగా దాన్ని నేనే తీసుకొస్తాలే. పాపం, మాట వినే మనిషి,” అన్నాడు.

వెళ్తూ వెళ్తూ టీ కొట్టులో అందరికీ టీలు చెప్పాడు. రిబ్కా గ్లాసులో చక్కెర లేదు. ఆమెకు షుగరు ఉందన్న సంగతి ఆయన మర్చిపోయిన రోజు లేదు. ఈ గది తీసిన కొత్తలో మొదటి ఇరవై మందిని వెంటబెట్టుకొచ్చి కూర్చోబెట్టింది ఆయనే.

*

శనివారం పొద్దుటి నుంచి ముసురు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. కుట్టుమిషన్ల షాపామెకు రిబ్కా అర్థమయ్యేలా చెబుతోంది. చిన్న వ్యాపారానికి లెక్కల పుస్తకాలు అక్కరలేదు, అమ్మకంలో నగదుకు నూటికి ఎనిమిది, ఫోన్‌లో వచ్చినదానికి ఆరు లాభంగా చూపినా చాలు, పన్ను సున్నా అయినా రిటర్ను వేసి ఉంచుకుంటే రేపు లోనుకు పనికొస్తుంది. ఆమె తలూపుతోంది గాని చూపంతా తెర మీద తిరుగుతున్న చక్రం మీదే ఉంది.

బల్ల చివర ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ముదురాకు రంగు చీర, వాన తడికి నల్లబడిన భుజాలు. ఒళ్లో ప్లాస్టిక్ సంచి. ఆమె వంతు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పక్కవాళ్లను ముందుకు పొమ్మంది. ఆమె వణుకుతోందేమోనని రిబ్కా లేచి ఫ్యాను ఆపింది. మిగతావాళ్లు ఉక్కపోతకు మూలిగారు.

మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. అప్పుడు ఆమె లేచి స్టూలు దగ్గరికి వచ్చింది.

“జంపక్క నేనే. నా పేరు మీద రిటన్ మీరే ఏస్తున్రంట గద. ఏం తిరిగిచ్చిన్నో సూసిపోదామని వచ్చిన.”

రిబ్కా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. కూర్చోమని చెప్పడం కూడా మరిచిపోయింది. జంపక్క తనే కూర్చుని, సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచింది. సర్కారు ఇండ్ల జాబితా. ఇరవై రెండో పేరు ఆమెది. దాని మీద ఎర్రగీత. పక్కన చిన్న అక్షరాలు: వ్యాపారి, ఐటీ రిటర్ను దాఖలు.

పునాది తవ్వుకోవడానికి ముగ్గు కూడా పోసుకున్నదట. తీరా జాబితా వస్తే ఇట్లా ఉంది. ఎవరినడిగినా చెప్పలేదు. పంచాయతీ కార్యదర్శి అనిల్‌కుమార్ ఫోన్‌లో చూసి, మణుగూరులో రిబ్కా మేడం నీ రిటర్ను వేస్తుంది, ఆమెనడుగు అన్నాడట.

“నేను వెంకటనారాయణ సేటు దుకాణంల ఊడుస్త. నెలకు మూడు వేలిస్తడు. దసరాకు చీర పెడ్తడు. చీర పెట్టిన నాడు సంతకాలు పెట్టించుకుంటడు. జాగ కాయితాలన్నడు, గవే పెట్టిన. ఇంక నేను సర్కారుకు తిరిగిచ్చింది ఏందో నాకు యాదికొస్తలేదు మేడం.”

“రిటర్ను అంటే తిరిగిచ్చుడు కాదమ్మా,” అంది రిబ్కా. “సంవత్సరంల ఏం పని చేసినం, ఎంత సంపాదించినం అని సర్కారుకు చెప్పుడు.”

జంపక్క జాబితాలోని ఎర్రగీత మీద వేలు పెట్టింది.

“మరి నేనేం చెప్పిన?”

ఆ మాటకు రిబ్కా దగ్గర జవాబుంది. ఎనిమిదేళ్ల జవాబులు బీరువాలో నీలం ఫైల్లో, తేదీల వారీగా, ఆమె చేతి రాతతో ఉన్నాయి. ఫైలు తీయడానికి ఆమె లేవలేదు.

జంపక్క జాకెట్లోంచి గుడ్డ సంచీ తీసి, అందులోంచి ఫోన్ తీసింది. ఇంటి దరఖాస్తుకు సొంత నంబరు ఉండాలన్నారని ఊళ్లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు ఈ నంబరు కలుపుకుందట. నిన్న మూడుసార్లు దీనికి అంకెలు వచ్చాయట. ఎవరికీ చెప్పొద్దని అనిల్‌కుమార్ గట్టిగా చెప్పాడు కాబట్టి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. అవి ఇక్కడివేనా అని అడిగింది.

ఇక్కడివే. ఇప్పుడే మళ్లీ పంపిస్తే ఆమె చదువుతుంది, ఖాతా తెరుచుకుంటుంది, ఆమె చెప్పిందేమిటో ఆమెకే వినిపించవచ్చు. రిబ్కా చేయి మౌసు మీదికి వెళ్లింది. అప్పుడే బల్ల మీద తన ఫోన్ మోగింది. తెర మీద వెంకటనారాయణ పేరు. మోగి మోగి ఆగింది.

“సర్వర్ పని చేస్తలేదమ్మా,” అంది రిబ్కా. “సోమవారం రా. అన్నీ చూద్దాం.”

సర్వర్ పని చేస్తూనే ఉంది. జంపక్క తెర వంక చూసి, రిబ్కా మొహం వంక చూసి, సరేనంది. లేచి స్టూలు ఎక్కడ ఉందో అక్కడికే జరిపింది. తన కాళ్ల తడి గచ్చు మీద పడిందని చూసుకుని, గుమ్మం దగ్గరి గోనెపట్టా తెచ్చి, కిందికి వంగి తుడిచి, మళ్లీ దాని చోట వేసి వెళ్లింది.

*

ఆదివారం ఆరాధన అయ్యేసరికి వెంకటనారాయణ కారు చర్చి గేటు ఎదుట ఆగి ఉంది. రిబ్కా బైబిలు సంచి చంకలో పెట్టుకుని దగ్గరికి వెళ్లింది. ఆయన కారు దిగి, వాన తుంపర ఆమె మీద పడకుండా గొడుగు పట్టాడు. ఆయన తల తడుస్తోంది.

శనివారం జంపక్క వచ్చిన సంగతి ఆయనకు తెలిసింది. కోపం లేదు. నిన్న సాయంత్రం దుకాణం దగ్గర ఫోన్‌కు వచ్చే అంకెలు చెప్పమంటే, మేడంకే చెప్తా అందట. ఆ మాట ఆయనకు గుచ్చుకున్నట్టుంది. రెండుసార్లు చెప్పాడు.

“దానికి నేను ఏమన్నా అన్యాయం చేశానా రిబ్కమ్మా? మొగుడు పోయినప్పుడు దవాఖానా ఖర్చంతా నేను పెట్టుకున్నా. ఇల్లే కదా కావాల్సింది, రెండు గదులు నేనే వేయిస్తా. రేకులు కాదు, స్లాబే వేయిస్తా. సోమవారం గండం గడవనీ.”

“ఆ మాట ఆమెతోనే చెప్పండి సార్.”

“చెప్తాను. ముందు నువ్వు ఒక మాట చెప్పు.” ఆయన గొడుగు ఇంకో చేతికి మార్చుకున్నాడు. “ఇంటి జాబితాలో పేరు సరిచేయడానికే ఈ ఓటీపీ అని చెప్పు చాలు. నీ మాట నమ్ముతుంది. చదువుకున్నదానివి, దేవుడికి భయపడేదానివి అని దానికి తెలుసు.”

చర్చిలోంచి వస్తున్నవాళ్లు వందనాలు చెబుతూ పోతున్నారు. రిబ్కా తిరిగి వందనాలు చెబుతోంది. వెంకటనారాయణ ఇంకొక మాట కూడా, మెత్తగానే, అన్నాడు. ఎనిమిదేళ్ల రిటర్నులు ఎవరన్నా తిరగేస్తే నింపిన చేయి ఎవరిదని అడుగుతారు.

ఆ రోజు ఆమె ఇంట్లో అన్నం వండింది గాని ఉప్పు వేయలేదు. భర్త బెన్నీ మాట్లాడకుండా ఊరగాయ కలుపుకుని తిన్నాడు.

*

సోమవారం తొమ్మిదిన్నరకే బల్ల నిండింది. పోర్టల్ ఒకసారి తెరుచుకుంటే రెండుసార్లు మూతపడుతోంది. టిప్పరు ఓనరు తుల్సీరాం తనది అయిపోయినా కదలక, అందరికీ ధైర్యం చెబుతూ కూర్చున్నాడు. పదకొండుకు జంపక్క వచ్చింది. ఆమె వెనకే వెంకటనారాయణ వచ్చాడు. ఇద్దరూ ఒకే దారిలో, ఆమె బస్సులో, ఆయన కారులో వచ్చారు.

రిబ్కా బల్ల మీద ఉన్నవాళ్లకు ఒక అరగంట టీ తాగి రమ్మని చెప్పింది. తుల్సీరాం గొణుగుతూ అందరినీ బయటికి తోలుకుపోయాడు. జంపక్కను స్టూలు మీద కాకుండా తన పక్కన కుర్చీలో, తెర ఎదురుగా కూర్చోబెట్టింది. వెంకటనారాయణ నిలబడే ఉన్నాడు.

అంకెలు పంపమని పోర్టల్‌కు చెప్పింది. జంపక్క చేతిలో ఫోన్ సన్నగా కంపించింది.

“చెప్పు జంపా,” అన్నాడు వెంకటనారాయణ. “నీ ఇంటి సంగతి మేడం చూస్తుంది.”

జంపక్క రిబ్కా వంక చూసింది. తెర మీద గడియారం తిరుగుతోంది. నూట యాభై సెకన్లు. నూట నలభై.

“ఇంటికి కాదమ్మా ఇది,” అంది రిబ్కా. “దుకాణం రిటర్నుకు. శనివారం సర్వర్ పని చేసింది. నేనే అబద్ధం చెప్పిన. చెప్పాల్నో వద్దో నీ ఇష్టం.”

వెంకటనారాయణ కళ్లు మూసుకున్నాడు. గది బయట ఎవరో నవ్వారు. వంద సెకన్లు.

“తెరిస్తే నేను చెప్పింది ఏందో కనబడ్తదా?” జంపక్క అడిగింది.

“కనబడుతుంది. సదివి వినిపిస్త.”

“నేనే కొడ్త.”

ఒక్కో అంకె ఫోన్‌లో చూసి, వేలు కీబోర్డు మీద వెతికి, కొట్టింది. ఆఖరిది కొట్టేసరికి పన్నెండు సెకన్లున్నాయి. ఖాతా తెరుచుకుంది.

రిబ్కా పోయినేటి రిటర్ను తెరిచి చదివింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి మార్చి, మెల్లగా, ఏదీ వదలకుండా. పేరు జంపక్క. ఊరు ఇప్పగుంపు. వ్యాపారం ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు. ఏడాది అమ్మకం అరవై రెండు లక్షలు. బ్యాంకు ఖాతా జంపక్క పేరునే. ఆదాయం నాలుగు లక్షల నలభై వేలు. పన్ను సున్నా. జంపక్క ప్రతి మాటకూ తల ఊపుతూ విన్నది. అరవై రెండు లక్షల దగ్గర మాత్రం ఆపించి, మళ్లీ చదివించుకుంది. ఆ తర్వాత అంతకుముందు ఏడాదిది, ఆ ముందుది. ఎనిమిదీ విన్నది. పేరు మారలేదు, ఊరు మారలేదు, సున్నా మారలేదు.

తర్వాత రిబ్కా ఈ ఏటి ఫారం నింపింది. వెంకటనారాయణ ఇచ్చిన అంకెలే. ఏ గడిలో ఏం రాస్తున్నదీ పైకి చెబుతూ రాసింది. ఆఖరి పేజీ వచ్చింది. అక్కడ ఎప్పుడూ చదవకుండా టిక్కు పెట్టే నాలుగు వరుసలుంటాయి.

“‘జంపక్క అనే నేను, ఈ వ్యాపారానికి ప్రొప్రయిటరుగా, ఇందులో చెప్పినదంతా నాకు తెలిసినంతవరకు నిజమనీ, పూర్తి అనీ ప్రమాణం చేసి చెబుతున్నాను.’”

“ప్రొప్రయిటరంటే?”

“దుకాణం గలామె.”

“అది ఊరికే రాసే మాట,” అన్నాడు వెంకటనారాయణ. తర్వాత గొంతు మార్చి, ఓపికగా వివరించాడు. ఇప్పుడు కాదంటే ఎనిమిదేళ్లూ దొంగ రిటర్నులని తేలుతుంది. దొంగ ప్రమాణం చేసిందెవరు అంటే పేరు ఉన్నవాళ్లే. తాను కావాలని బెదిరించడం లేదు. చట్టం అట్లా ఉంది.

అందులో అబద్ధం లేదు. రిబ్కాకు అది తెలుసు. తన పేరు కూడా ఆ వెనకే ఉంటుందని తెలుసు.

జంపక్క తెర మీది ఆ నాలుగు వరుసలను చూస్తూ కూర్చుంది. ఆమెకు ఆ అక్షరాలు రావు. అయినా ఎడమ నుంచి కుడికి, వరుస తర్వాత వరుస, కళ్లతో తడిమింది.

“దుకాణం నాదని రాస్తే ఇల్లు రాదు గద మేడం?”

“రాదమ్మా.”

“నాది కాదని రాస్తే?”

“ఇన్నేండ్లు ఎందుకు రాసినవని అడుగుతరు. అడిగినంక ఇల్లు ఇస్తరో లేదో నేను చెప్పలేను.”

బయట వాన పెద్దదైంది. షట్టరు రేకు మీద చప్పుడుకు మాటలు వినబడటం లేదు. జంపక్క కొంగు తీసి ముక్కు తుడుచుకుంది. ఇంటి కోసం ముగ్గు పోసిన జాగా ఆమె కళ్లలో ఉందో, అరవై రెండు లక్షలు ఉన్నాయో రిబ్కాకు తెలియలేదు. చాలాసేపటికి వాన కాస్త తెరిపిచ్చింది.

“నిజమని కొట్టు మేడం.”

వెంకటనారాయణ గట్టిగా ఊపిరి వదిలాడు. పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. రిటర్ను ఖాయం చేయడానికి మళ్లీ అంకెలు వచ్చాయి, మళ్లీ జంపక్కే కొట్టింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నలభై. రిబ్కా రసీదు ప్రింటుకు పెట్టింది. రేపు బ్యాంకులో చూపించాలంటూ వెంకటనారాయణ దానికోసం చేయి చాచాడు.

జంపక్క ప్రింటరు దగ్గర ముందే నిలబడి ఉంది. కాగితం బయటికి రాగానే తీసుకుని, వేడిగా ఉన్నదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

“ఇది నా దగ్గర్నే ఉంటది సేటు. బ్యాంకుకు నేను వస్త రేపు.”

“నువ్వెందుకు జంపా అంత దూరం...”

“ఖాతా నా పేరనే ఉన్నది గద. సదివిండ్రు గద ఇప్పుడే.” ఆమె గొంతు పెరగలేదు. “ఇటు నాదని ప్రమాణం జేసి, అటు ఊడ్సుకుంట కూసుంటే ప్రమాణం అబద్ధమైతది. ఇల్లు ఇడిసిపెట్టింది గందుకే. ఎనిమిదేండ్లు నువ్వు రాసింది నిజం జేస్తున్న.”

“సరుకంతా నాది. పెట్టుబడి నాది.” వెంకటనారాయణ మాట పూర్తి కాకుండానే ఆగాడు. ఎవరితో చెప్పాలి? ఏ ఆఫీసులో ఆ మాట అన్నా, అంటూనే జాగా సంగతి బయటపడుతుంది. ఆయన రిబ్కా వంక చూశాడు. రిబ్కా ఆ చూపును తప్పించుకోలేదు.

“అది ఏ కాగితంలనూ లేదు సార్,” అంది.

“నిన్ను ఎల్లగొడ్తనని అంటలేను,” జంపక్క అంది. “యాపారం నాకు రాదు. నువ్వు కూసో, నేర్పు. ఎవలది ఎంతనో కూసోని మాట్లాడుకుందాం. మేడం రాస్తది. గని గల్లాపెట్టె కాడ నేను గూడ ఉంట.”

తుల్సీరాం గుమ్మంలోకి తొంగిచూసి అయిందా అని అడిగాడు. లోపలివాళ్ల మొహాలు చూసి వెనక్కి తగ్గాడు. వెంకటనారాయణ బటన్ ఫోన్ తీసి చేతిలో అటూ ఇటూ మార్చాడు. మొహం పాలిపోయింది. ఆయన వయసు ఎంతో రిబ్కాకు ఆ రోజే కనబడింది. ఆమె కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చి ఆయన ముందు పెట్టింది. తాగాడు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టడానికి కూడా చోటు వెతుక్కున్నాడు.

జంపక్క రసీదును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, సంచి మూతి రెండుసార్లు మెలిపెట్టి, గుమ్మం దాకా వెళ్లింది. బస్సుకు ఇంకా టైముంది. వానలో అడుగు పెట్టబోతూ ఆగింది.

వెంకటనారాయణ లేచాడు. గోడకు ఆనించిన గొడుగు తీశాడు. ఏదో అనబోయి, మాట వెతుక్కున్నాడు.

“జంపక్కా,” అన్నాడు. “రేపు ఎన్నింటికి వస్తారు?”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆ ‘వస్తారు’ తనకేనా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది.

“తొమ్మిదిటికి. ఊడ్సెతందుకు మనిషిని సూడు సేటు,” అంది. “మూడు వేలకు ఎవ్వలు రారు.”